రిపోర్టు వచ్చింది, కబురు రాలేదు

పొద్దున్నే పరగడుపున ఇచ్చిన రక్తం సాయంత్రానికల్లా పీడీఎఫ్ అయి వాట్సాప్‌లో దిగుతుంది. ఇంటిల్లిపాదీ ఆ ఫోను చుట్టూ చేరతారు. పేరూ వయసూ సరిగ్గా పడ్డాయో లేదో చూసే ఓపిక ఎవరికీ ఉండదు. కళ్ళు తిన్నగా లావుపాటి అంకెల కోసం వెతుకుతాయి. ఏది బోల్డ్‌లో ఉందో, దేని పక్కన 'హెచ్' అనో 'ఎల్' అనో పడిందో అదే జబ్బు. ఇక అక్కణ్ణుంచి ఆ పీడీఎఫ్ ఊరేగింపు మొదలవుతుంది. మెడికల్ షాపులో పనిచేసే పక్కింటి కుర్రాడికి ఒకటి, నర్సింగ్ చదివే మేనకోడలికి ఒకటి, ఎంబీబీఎస్ మొదటి ఏట్లో ఉన్న బావమరిది కూతురికి ఒకటి. ఆ పిల్ల ఇంకా ఎముకల పేర్లే బట్టీ పడుతోంది. అయినా పెద్దవాళ్ళు అడిగారు గనక కాదనలేక, "భయపడాల్సిందేం లేదు మామయ్యా, ఎందుకైనా మంచిది ఒకసారి డాక్టరుకి చూపించండి" అంటుంది. తెలుగునాట ఇంతకంటే భయపెట్టే మాట ఇంకోటి లేదు. ఆ రాత్రి మామయ్యకు నిద్ర ఉండదు.

ఇంతకీ ఆ లావు అంకె చెప్పేదేమిటి?

రిపోర్టులో కుడిచేతి వరసలో ఉండే 'రిఫరెన్స్ రేంజ్'ను చాలామంది ఆరోగ్యానికీ జబ్బుకూ మధ్య గీసిన గీత అనుకుంటారు. అది పుట్టిన తీరు వేరు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను కొందరిని పోగుచేసి, వాళ్ళ రక్తం పరీక్షించి, పై కొసన రెండున్నర శాతాన్నీ కింది కొసన రెండున్నర శాతాన్నీ తీసేస్తారు. మధ్యలో మిగిలిన 95 శాతం మందికి వచ్చిన అంకెలే రేంజ్. అంటే ఏ జబ్బూ లేని నూరుమందిలో ఐదుగురు గీత దాటి ఉండటం ఆ లెక్కలోనే ఉంది. ఇది ఒక్క పరీక్ష సంగతి. ఒకదానితో ఒకటి పొత్తు లేని పరీక్షలు ఇరవై చేయించుకుంటే, నిక్షేపంలాంటి మనిషికి కూడా ఎక్కడో ఒకచోట లావు అంకె పడే అవకాశం 64 శాతం. పండగ ఆఫర్లలో దొరికే 'ఫుల్ బాడీ చెకప్'లో అరవై డెబ్బై అంకెలు వస్తాయి. అందులో ఒక్క సీబీపీకే ఇరవై దాకా పోతాయి. ఏదో ఒక ఎర్రగుర్తు లేకుండా ఆ ప్యాకేజీలోంచి బయటపడటం గొప్ప విషయమే. షుగరు, కొలెస్టరాల్ లాంటివాటికి ఈ పద్ధతి కాదు, ముప్పు ఎక్కడ మొదలవుతుందో చూసి పెట్టిన హద్దులుంటాయి. ఏ హద్దు ఏ జాతిదో మాత్రం రిపోర్టులో ఎక్కడా ఉండదు. అన్నీ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే వరసలో కూర్చుంటాయి.

లావు అంకె అరిచి భయపెడితే, సన్న అంకె ఊరుకుని మోసం చేస్తుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం. సీరం క్రియాటినిన్ తీసుకోండి. ఆడా మగా తేడా లేకుండా 0.6 నుంచి 1.3 దాకా మామూలే అని అచ్చువేసే ల్యాబులో ఇద్దరికి పరీక్ష చేశారనుకుందాం. ఇద్దరికీ 1.2 వచ్చింది. ఒకడు పాతికేళ్ళ కుర్రాడు, ఇంకొకామె 65 ఏళ్ళ పెద్దామె. వయసునూ ఆడామగా తేడానూ కలిపి లెక్కకట్టే ఈజీఎఫ్ఆర్ సూత్రంలో వేస్తే కుర్రాడి కిడ్నీల వడపోత సుమారు 86, పెద్దామెది 50. ఇలా 60 కంటే తక్కువగా మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క. కానీ ఆమె కాగితం మీద ఏ గుర్తూ లేదు. "అన్నీ నార్మల్ అమ్మా" అని ఇంటికి పంపేస్తారు. మోకాళ్ళ నొప్పులకు ఆమె మెడికల్ షాపు నుంచి తెచ్చుకునే మాత్రలు ఆ కిడ్నీలకు సరిపడవని చెప్పాల్సిన అవసరం కూడా ఎవరికీ కనిపించదు.

ఈ క్రియాటినిన్ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డాక్టర్ల నోట మాత్రమే వినబడే మాట కాదు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడితోటల మధ్య బతికే కుటుంబాలు ఆ మాటను బడిలో నేర్చుకోలేదు. ఇంట్లో ఒకరికి, పక్కింట్లో ఇద్దరికి కిడ్నీలు పాడైతే నేర్చుకున్నారు. కారణం ఇదీ అని తేలని జబ్బు అది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అంతకు చాలా ముందు నుంచే అక్కడివాళ్ళు తమ అంకెలు తామే గుర్తుంచుకుంటున్నారు. చిక్కంతా ఆ అంకె స్వభావంతోనే. కిడ్నీల పని దాదాపు సగం పోయేదాకా చాలామందిలో క్రియాటినిన్ గీత దాటదు. పోయినసారి 0.8, ఈసారి 1.2 అన్నది గీత లోపలి కథే. అయినా ఆ పెరుగుదలే అసలు వార్త. పాత రిపోర్టూ కొత్త రిపోర్టూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళకే అది దొరుకుతుంది. మనవాళ్ళు పాత రిపోర్టులు బీరువాలో చీరల అడుగున ఎంతో భద్రంగా దాస్తారు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మాత్రం కొత్తది ఒక్కటే పట్టుకెళ్తారు.

అంకెలకు ఊరు మారితే వేషం కూడా మారుతుంది. మనవణ్ణి చూసుకోవడానికి మెల్‌బోర్న్‌కో లండన్‌కో వెళ్ళిన తల్లిదండ్రులు అక్కడ రక్తపరీక్ష చేయించుకుంటే క్రియాటినిన్ 106 అని వస్తుంది. గుండె జారిపోతుంది. కంగారేం అక్కర్లేదు, అది మన 1.2యే, కొలమానం వేరు. అదే షుగరు దగ్గర తిరగబడుతుంది. పరగడుపున 7 అని చూసి "ఏడేనా!" అని మురిసిపోయే నాన్నగారికి, అది మన లెక్కలో 126 అనీ, సరిగ్గా డయాబెటిస్ గడప అనీ ఎవరో ఒకరు చెప్పాలి.

నడుంనొప్పికి ఎంఆర్ఐ తీయించుకున్నవాళ్ళ అవస్థ ఇంకో రకం. అక్కడ అంకెలుండవు, వాక్యాలుంటాయి. ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్, డీజెనరేటివ్ మార్పులు, నరం మీద ఒత్తిడి... చదువుతుంటే వెన్నెముక రేపో మాపో కూలేటట్టే ఉంటుంది. 2015లో అమెరికన్ జర్నల్ ఆఫ్ న్యూరోరేడియాలజీలో వచ్చిన ఒక సమీక్ష, నడుంనొప్పి అసలే లేని 3,110 మంది స్కాన్లను కలిపి లెక్కేసింది. ఇరవయ్యేళ్ళ వాళ్ళలో 37 శాతం మందికి, ఎనభయ్యేళ్ళ వాళ్ళలో 96 శాతం మందికి డిస్కులు అరిగిన గుర్తులున్నాయి. ఉబ్బిన డిస్కులు ఇరవయ్యేళ్ళకే 30 శాతం మందిలో కనిపించాయి. జుట్టు నెరిసినట్టే డిస్కూ అరుగుతుందన్నమాట. జుట్టు నెరిసిందని మాత్రం ఎవరూ ఆపరేషన్‌కు తేదీ ఖాయం చేసుకోరు.

ఈ సంగతేదో రిపోర్టు కిందే రెండు వాక్యాల్లో రాసేస్తే సరిపోదా? అమెరికాలో నిజంగానే రాసి చూశారు. రెండు లక్షలకు పైగా రోగులతో చేసిన ఆ పరిశోధన ఫలితాలు 2020లో వచ్చాయి. మందుల చీటీల్లో నొప్పి తగ్గించే ఓపియాయిడ్లు కాస్త తగ్గాయి. తక్కిన చికిత్సలూ స్కానులూ ఆపరేషన్లూ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆ వాక్యాలు రాసింది స్కానింగ్ పంపిన డాక్టరును ఉద్దేశించి. రోగితో ఎదురుగా కూర్చుని మాట్లాడే పని మళ్ళీ ఆ డాక్టరుకే మిగిలింది.

వానాకాలం వచ్చిందంటే ప్లేట్‌లెట్ల సీజన్. డెంగీ వచ్చిన ఇంట్లో స్కోరు అడిగినట్టు పూటపూటకూ కౌంట్ అడుగుతుంటారు. లక్షా యాభై వేలు ఉండాల్సింది తొంభై వేలైందంటే బొప్పాయి ఆకు రసం, రక్తదాతల కోసం స్టేటస్ మెసేజ్‌లు, పెద్దాసుపత్రికి పరుగు. రక్తస్రావం లేనివాళ్ళకు ముందు జాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించే మాట పదివేల కిందికి పడిపోయాకే అని మన జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ ఒక్క అంకె మీద చూపంతా పెట్టి, చూడాల్సింది వదిలేస్తున్నారన్నదే బాధ. డెంగీలో ప్రాణం మీదికి వచ్చేది రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోవడం వల్ల. దాని జాడ హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) పెరగడంలో, బీపీ పడిపోవడంలో, ఆగని వాంతుల్లో, కడుపునొప్పిలో ఉంటుంది. పైగా అది మొదలయ్యేది తరచూ జ్వరం తగ్గుముఖం పట్టాకే. "జ్వరం తగ్గింది, గండం గడిచింది" అని ఇల్లంతా ఊపిరి పీల్చుకునే రోజే జాగ్రత్తగా ఉండాల్సిన రోజు. ఈ రెండు ముక్కలు చెప్పడానికి యంత్రం అక్కర్లేదు. ఇక టైఫాయిడ్‌కు చేసే విడాల్ పరీక్ష గురించి ఎక్కువ చెప్పుకోనవసరం లేదు. 1896 నాటి ఆ పరీక్ష ఒక్కసారి చేసి, 'ఒకటికి ఎనభై' అని వస్తే చాలు, పల్లెల్లో అది ఇప్పటికీ టైఫాయిడే. ఈ గడ్డ మీద పెరిగినవాళ్ళలో ఎందరికో ఏ జబ్బూ లేకుండానే ఆ మాత్రం వస్తుందని ఎవరూ చెప్పరు. సెలైన్ మాత్రం ఎక్కుతుంది.

చెప్పకపోవడంలో మనకు సొంత సంప్రదాయం ఒకటుంది. బయాప్సీ రిపోర్టు చేతిలో పట్టుకుని గదిలోంచి తల బయటపెట్టి, "పేషంటు తాలూకు ఎవరు?" అంటారు. పేషంటు అక్కడే ఉంటాడు. కుర్చీలో కూర్చుని, పంచె సర్దుకుంటూ, ఆ మాట వింటూనే ఉంటాడు. పెద్దకొడుకు లోపలికి వెళ్తాడు, తలుపు మూసుకుంటుంది. పది నిమిషాల తర్వాత ముఖం కడుక్కుని బయటికొచ్చి, "ఏం లేదు నాన్నా, చిన్న గడ్డేనట, కొన్నాళ్ళు మందులు వాడాలట" అంటాడు. ఆ పూట నుంచి ఇల్లంతా నాటకం. కూతుళ్ళు వంటింట్లో ఏడుస్తారు, చుట్టాలు పళ్ళు పట్టుకొచ్చి వాతావరణం గురించి మాట్లాడతారు. ఆఖరికి ఆయన్ను తీసుకెళ్ళేది హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికో, బంజారాహిల్స్‌లోని బసవతారకానికో. ఒకటి 1955 నుంచి, ఇంకొకటి 2000 నుంచి క్యాన్సర్‌కు మాత్రమే చికిత్స చేస్తున్న ఆసుపత్రులు. బోర్డు చదవడం రాకపోయినా వరండాలో పక్కన కూర్చున్నవాళ్ళు చెబుతారు. అలా ఆయనకు తన సంగతి అపరిచితుల నోట తెలుస్తుంది. తెలిసిందని ఇంట్లోవాళ్ళకు తెలియకూడదని ఆయనా తన వంతు నాటకం ఆడతాడు.

కొడుకు చేసింది ప్రేమతోనే, సందేహం లేదు. మనసు గట్టిది కాదేమో, కుప్పకూలిపోతాడేమో అన్న భయం నిజమైనదే. కానీ అప్పుల లెక్క తేల్చాల్సిందీ, కీమోకు ఒప్పుకోవాలో లేదో నిర్ణయించుకోవాల్సిందీ, విడిపోయిన తమ్ముణ్ణి ఒకసారి చూడాలనుకునేదీ ఆయనే. రిపోర్టు మీద ఉన్న పేరు ఆయనది. డాక్టరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఆయన్నే అడగాలి: "మీ రిపోర్టు వచ్చింది, మీతోనే మాట్లాడమంటారా, మీవాళ్ళతో మాట్లాడమంటారా?" ఆయన కొడుకు వైపు చూపిస్తే అది ఆయన నిర్ణయం. అడగకుండా దాటేస్తే అది వేరొకరి నిర్ణయం.

ఇన్ని చోట్ల ఇంత మౌనం ఎందుకంటే దుర్మార్గం వల్ల కాదు, బిల్లు వల్ల. ల్యాబ్ గోడ మీద ప్రతి పరీక్షకూ ఒక ధర ఉంటుంది. థైరాయిడ్‌కు ఇంత, విటమిన్ డికి ఇంత. 'వచ్చిందేమిటో విడమర్చి చెప్పడం' అన్న వరస ఏ ధరల పట్టికలోనూ ఉండదు. కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి నోరు విప్పే అనుమతి లేదు, "డాక్టరుగారికి చూపించండి" అనే ఒక్క మాటే ఆమెకు నేర్పారు. సంతకం పెట్టిన పెథాలజిస్టు రోగి ముఖం చూసి ఉండడు. అడుగున 'ప్లీజ్ కోరిలేట్ క్లినికల్లీ' అని రాసి బంతిని అవతలికి తోసేస్తాడు. అవతల డాక్టరు దగ్గర వరండా నిండా జనం. 67 దేశాల లెక్కలు తీసి 2017లో బీఎంజే ఓపెన్ ప్రచురించిన సమీక్షలో స్వీడన్ డాక్టరు ఒక్కో రోగితో సగటున 22.5 నిమిషాలు గడిపితే బంగ్లాదేశ్ డాక్టరు 48 సెకన్లు గడుపుతున్నట్టు తేలింది. మన దేశానిది 2 నిమిషాల చుట్టుపక్కల. ఆ రెండు నిమిషాల్లో ఆయన పేజీలు తిప్పుతాడు, ఒకచోట టిక్కు పెడతాడు, చీటీ రాస్తాడు. ఆ టిక్కు ఎందుకు పెట్టాడో ఇంటికొచ్చాక ఇంటిల్లిపాదీ పరిశోధన చేస్తారు. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పథకం 2018లో మొదలయ్యాక పీహెచ్‌సీలో ఇచ్చిన రక్తం జిల్లా కేంద్రానికి వెళ్ళి, పైసా ఖర్చు లేకుండా ఫలితం ఫోనుకే వస్తోంది. పరీక్ష చేతికందడం నిజంగా పెద్ద మేలు. ఆ మెసేజ్‌ను చదివి చెప్పే మనిషికే ఇంకా పోస్టు పుట్టలేదు.

పుట్టిన చోటు ఒకటుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐసీటీసీ అని రాసి ఉండే గది. హెచ్ఐవీ పరీక్షకు ముందొకసారి, ఫలితం వచ్చాక ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడటానికి అక్కడ జీతమిచ్చి ఒక కౌన్సెలర్‌ను పెట్టారు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చిన 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం దీన్ని తప్పనిసరి చేసింది. భయమూ వెలీ తోడైన జబ్బు కాబట్టి చెప్పే తీరు మీద అంత శ్రద్ధ పెట్టాల్సి వచ్చింది. పెడితే జరుగుతుందని కూడా తేలింది.

అలాగని కౌన్సెలర్‌ను పెడితే అంతా చక్కబడుతుందనుకోవడానికీ లేదు. 1990ల్లో జర్మనీలో పరిశోధకుడు గెర్డ్ గిగరెంజర్ బృందానికి చెందిన ఒకతను ఏ ముప్పూ లేని మామూలు మనిషిగా 20 ఆరోగ్య కేంద్రాలకు వెళ్ళి హెచ్ఐవీ పరీక్ష చేయించుకుని, "పొరపాటున పాజిటివ్ వచ్చే అవకాశం ఉందా?" అని అడిగాడు. చాలామంది కౌన్సెలర్లు అలా జరగనే జరగదన్నారు. జరుగుతుంది. చెప్పేవాళ్ళకే లెక్క రాకపోతే వినేవాళ్ళ గతేం కాను? అదే గిగరెంజర్ తర్వాత 160 మంది గైనకాలజిస్టులకు మామోగ్రఫీ గురించి ఒక ప్రశ్న వేశాడు. పరీక్షలో పాజిటివ్ వచ్చిన స్త్రీకి నిజంగా రొమ్ము క్యాన్సర్ ఉండే అవకాశమెంత? సరిగ్గా చెప్పింది 21 శాతం మందే. శాతాలు పక్కన పెట్టి మనుషుల్లో లెక్క చెప్పడం నేర్పాడు. వెయ్యిమంది ఆడవాళ్ళున్నారు, అందులో పదిమందికి క్యాన్సర్, వాళ్ళలో తొమ్మిదిమందికి పాజిటివ్ వస్తుంది. జబ్బు లేని 990 మందిలో 89 మందికి కూడా పొరపాటున పాజిటివ్ వస్తుంది. పాజిటివ్ వచ్చిన ఆ 98 మందిలో జబ్బున్నవాళ్ళు తొమ్మిదిమందే. అంటే పదిమందిలో ఒకరు. ఇలా చెప్పాక 87 శాతం మంది సరైన జవాబిచ్చారు. బామ్మకైనా చెప్పగలిగిన లెక్క ఇది.

అమెరికాలోని మనవాళ్ళకు 2021 ఏప్రిల్ 5 నుంచి కొత్త అనుభవం. రోగి సమాచారాన్ని ఆపి ఉంచకూడదన్న నిబంధన అమల్లోకి రావడంతో, డాక్టరు కంటే ముందే రిపోర్టు రోగి ఫోన్లోకి వస్తోంది. అక్కడ శుక్రవారం రాత్రి బయాప్సీ ఫలితం తెరిచి చూసి, సోమవారం దాకా ఆగలేక, ఇండియాలో తెల్లవారిందో లేదో చూసుకుని గుంటూరులో డాక్టరైన అన్నయ్యకు ఫోన్ చేసే చెల్లెళ్ళున్నారు. ఇంత హింస ఎందుకు, మళ్ళీ డాక్టరు ద్వారానే పంపొచ్చుగా అనిపిస్తుంది. 8,139 మందిని అడిగి 2023లో ప్రచురించిన సర్వేలో, డాక్టరు చూడకముందే తమకు చూపించాలన్నవాళ్ళు 96 శాతం. చెడ్డ ఫలితం అందుకున్నవాళ్ళదీ అదే మాట. వాళ్ళ పక్షమే న్యాయం. పాత పద్ధతి ఎంత గొప్పదో 2009 నాటి ఒక అధ్యయనం చెప్పింది. తేడాగా వచ్చిన ఫలితాల్లో పద్నాలుగింటిలో ఒకదాని సంగతి రోగికి చెప్పినట్టు రికార్డుల్లో ఎక్కడా లేదు. ఏమీ చెప్పలేదంటే బాగున్నట్టే అనుకుని తిరిగినవాళ్ళు ఆ రోగుల్లో ఉండే ఉంటారు.

చూపించాలి సరే, ఎలా చూపించాలి? మిషిగన్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ జిక్‌మండ్-ఫిషర్ బృందం అంకెల పట్టికకు బదులు ఒక అడ్డగీత గీసి, రోగి అంకె దాని మీద ఎక్కడుందో చుక్క పెట్టి చూపించింది. దూరంగా ఇంకో గుర్తు పెట్టి, ఇక్కడిదాకా వస్తే తప్ప చాలామంది డాక్టర్లు కంగారు పడరని రాసింది. గీత కొద్దిగా దాటినవాళ్ళలో, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలన్న ఆత్రం తగ్గింది. ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, కాలేయానికి చేసే ఏఎల్‌టీ పరీక్షల మీదే వాళ్ళు ఇది చూశారు. మన ల్యాబులు రంగురంగుల గ్రాఫులు వేస్తున్నాయి కానీ వాటిలో పచ్చా ఎరుపూ తప్ప ఈ రెండో గుర్తు ఎక్కడా కనబడదు.

ఆ గుర్తు దాటినప్పుడేం చేయాలో మాత్రం ల్యాబులకు ముందే రాసిపెట్టి ఉంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15189 ప్రకారం గుర్తింపు పొందిన ల్యాబులో పొటాషియం 6.8 లాంటి ప్రాణాంతకమైన అంకె వస్తే, పీడీఎఫ్ తయారయ్యేదాకా ఆగకుండా వెంటనే చికిత్స చేస్తున్న డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాలి, ఎవరికి ఎన్ని గంటలకు చెప్పారో రాసుకోవాలి. కానీ ఆఫర్ చూసి ఆన్‌లైన్లో బుక్ చేసుకుని, ఇంటి దగ్గరే రక్తమిచ్చినవాళ్ళ రిపోర్టు పైన 'రిఫర్డ్ బై' అన్నచోట ఏ డాక్టరు పేరూ ఉండదు, 'సెల్ఫ్' అని ఉంటుంది. డ్యూటీలో ఉన్న టెక్నీషియన్ అప్పుడు నేరుగా రోగి నంబరుకే చేస్తాడు. తెలియని నంబరు కదా, రాత్రి పదకొండింటికి చాలామంది ఎత్తరు.